గోదారి జిల్లాల్లో కారు హీటరు దేనికి, ఎలాంటిది తీసుకోవాలి: మాన్యువలా, ఆటోమేటిక్కా, ఈవీనా?

షోరూములో సేల్స్ కుర్రాడు సన్‌రూఫ్ గురించి అరగంట చెప్తాడు, టచ్ స్క్రీన్ గురించి ఇంకో పావుగంట, హీటరు గురించి మాత్రం ఒక్క ముక్క మాట్లాడడు, మనమూ అడగం. పొరపాటున అడిగితే పక్కనున్న బావగారే నవ్వేస్తారు, "తణుకులో హీటరేంటండీ, మే నెల్లో బయటికెళ్ళి నించోండి, సరిపోద్ది" అని. ఒంటికి వెచ్చదనం వరకే అయితే ఆయన మాట నిజమే, మన డెల్టాలో దాంతో పెద్దగా పనుండదు. కానీ మన దగ్గర హీటరు పని ఒంటికి కాదండి, అద్దానికి. ధనుర్మాసంలో తెల్లారగట్ట కాలవ గట్టు మీద పోతుంటేనో, నవంబరు తుపాను వానలో సిద్ధాంతం బ్రిడ్జి ఎక్కేటప్పుడో ముందు అద్దం లోపల్నించి తెల్లగా కమ్మేసి, ఎదురొచ్చే లారీ లైట్లు రెండూ కలిసి ఒక ముద్దలా కనపడతాయి చూడండి, అప్పుడు పనికొచ్చేది ఇదే. అందుకే ఇక్కడ ఏది మంచిది ఏది దండగ అన్నది ఒక్క లెక్కతోనే చెప్తాను: ఏది అద్దాన్ని తొందరగా క్లియర్ చేస్తుంది, అదీ డ్రైవరు కళ్ళు రోడ్డు మీంచి తిప్పకుండా.

అసలు వేడి ఎక్కణ్ణించొస్తుంది

పెట్రోల్, డీజిల్ బళ్ళలో హీటరంటూ విడిగా కాలేదేమీ లేదు. ఇంజిన్లో కాలిన ఇంధనంలో బండిని లాగడానికి పనికొచ్చేది సుమారు మూడో వంతు, మిగతాదంతా వేడి రూపంలో సైలెన్సర్లోంచి కొంత, ఇంజిన్ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్లోకి కొంత పోతుంది. ఆ కూలెంటు ఇంజిన్ చుట్టూ తిరిగి 85, 90 డిగ్రీల దగ్గర ఉంటుంది, అందులోంచి కొంత రెండు రబ్బరు హోసుల ద్వారా డ్యాష్‌బోర్డు వెనకాలకొస్తుంది, అక్కడ పుస్తకమంత సైజులో చిన్న రేడియేటరు ఉంటుంది, దాన్నే హీటర్ కోర్ అంటారు. బ్లోవరు గాలిని దాని మీంచి తోస్తే వేడిగాలి. మీరు నాబ్ నీలం వైపు నుంచి ఎరుపు వైపు తిప్పితే చాలా బళ్ళలో కదిలేది లోపలున్న ఒక ప్లాస్టిక్ తలుపు, ఎంత గాలి హీటర్ కోర్ మీంచి పోవాలి, ఎంత పక్కనించి పోవాలి అని అదే పంచుతుంది. కాబట్టి హీటరేస్తే మైలేజీ పడిపోద్దని భయపడక్కర్లేదు, ఎలాగూ పారబోసే వేడే అది, ఖర్చయ్యేది బ్లోవరు తినే కరెంటు మాత్రమే. ఏసీ అలాక్కాదు, దాని కంప్రెసర్ని ఇంజినే తిప్పాలి.

అసలు కిటుకు డ్యాష్‌బోర్డు వెనక ఏసీ కాయిలూ హీటర్ కోరూ కలిసుండే డబ్బాలో ఏది ముందుంటుంది, ఏది వెనకుంటుంది అన్నదాంట్లో ఉంది. గాలి ముందు ఏసీ కాయిల్ మీంచి పోతుంది, తర్వాత హీటర్ కోర్ దగ్గరికొస్తుంది. ఏసీ కాయిల్ చల్లగా ఉంటుంది కాబట్టి గాలిలో తేమ దానికంటుకుని నీళ్ళయిపోయి కింద పైపులోంచి రోడ్డు మీద కారిపోతుంది, పార్కింగ్‌లో బండి కింద మడుగు కట్టేది అదే. అలా ఆరిన గాలిని హీటర్ కోర్ వేడి చేస్తే అది అద్దం మీద చెమ్మని ఇట్టే పీల్చేస్తుంది. అందుకే వానాకాలంలో ఏసీ బటనూ నొక్కాలి, నాబ్ కూడా ఎరుపు వైపుకి తిప్పాలి, రెండూ ఒకేసారి. చల్లగాలీ వేడిగాలీ కొట్టుకుంటాయి గదా అని చాలామంది ఏదో ఒకటే వేస్తారు, అక్కడే తేడా కొడుతుంది. చలిదేశాల్లో టెంపరేచరు సున్నా దగ్గరికెళ్తే ఏసీ కంప్రెసర్ ఆగిపోతుంది, మనకా బాధ లేదు, పన్నెండు నెలలూ ఈ చిట్కా పనిచేస్తుంది.

ఇంకోటి, మన దగ్గర అద్దం రెండు రకాలుగా మబ్బేస్తుంది, రెండింటికీ మందు వేరు. చలికాలం పొద్దున్న, వానలో, నలుగురు ఎక్కి కిటికీలన్నీ మూసుకుంటే లోపలివైపు పడుతుంది, వేలు పెట్టి గీస్తే గీత పడుతుంది. దానికి ఏసీ, వేడి, బయట గాలి లోపలికొచ్చే సెట్టింగు, గాలి అద్దం వైపుకి. కారు బొమ్మలో బాణం గుండ్రంగా తిరిగే రీసర్క్యులేషన్ బటన్ ఆన్‌లో ఉంటే మాత్రం మీ అందరి ఊపిరిలో తేమా లోపలే తిరుగుతూ ఉంటుంది. రెండో రకం జూన్ నించి సెప్టెంబరు దాకా రాత్రుళ్ళు, బయట ఉక్క, లోపల ఏసీ 18లో పెట్టి వెళ్తుంటే చల్లటి గోలీ సోడా సీసాకి పట్టినట్టు అద్దం బయటివైపు నీళ్ళు పడతాయి, ఎంత తుడిచినా లోపల పోదు, ఎందుకంటే చెమ్మ లోపల లేదు. వైపరు ఒకసారి వేసి, ఏసీ 25కి పెంచి, గాలి అద్దం మీదకి కాకుండా మొహం వైపుకి తిప్పితే పోతుంది. ఈ రెండోదానికి ముందు అద్దం మబ్బు తీసే బటను, అదే ఫ్రంట్ డీఫాగ్, నొక్కి చల్లగాలి అద్దానికేసి కొట్టించారనుకోండి, ఇంకా ఎక్కువవుతుంది. భీమవరం, ఆకివీడు వైపు చెరువుల మధ్య రోడ్ల మీద రాత్రి తిరిగేవాళ్ళకి ఇది రోజూ ఉన్నదే.

మాన్యువల్ ఏసీయా, ఆటోమేటిక్ క్లైమేటా

మాన్యువల్లో మూడు నాబులు: ఎంత వేడి, ఎంత గాలి, ఎటు. చూడకుండా చేత్తో తడిమి తిప్పెయ్యొచ్చు. లోపల తలుపుల్ని కదిపేది కొన్నిటిలో ఉత్త కేబులే, పాడయ్యేది తక్కువ, పాడైనా మన షెడ్డులో అయిపోతుంది. ఆటోమేటిక్‌లో మీరు 24 అని పెడితే కేబిన్‌లో సెన్సరు, చాలా బళ్ళలో డ్యాష్‌బోర్డు మీద ఎండ సెన్సరు చూసుకుని చల్లదీ వేడిదీ అదే కలుపుకుంటుంది, బ్లోవరు స్పీడు కూడా అదే మారుస్తుంది. ఏలూరు నుంచి కాకినాడ దాకా ఎండా వానా మారి మారి పడే రోజు దీని సుఖం తెలుస్తుంది, చెయ్యి పెట్టక్కర్లేదు.

అయితే మనోళ్ళు ఆటోమేటిక్ కొనుక్కుని ఏం చేస్తారంటే బండెక్కగానే 'లో' (LO, అన్నిటికన్నా చల్లన) దాకా నొక్కేస్తారు, గడ్డ కట్టాక ఆఫ్ చేస్తారు, మళ్ళీ ఉక్కపోస్తే మళ్ళీ 'లో'. అలా వాడేవాళ్ళు దానికోసం పై వేరియంటుకి డబ్బులెక్కువ పెట్టడం శుద్ధ దండగండి, మాన్యువల్ చాలు. పైగా బండి త్వరగా చల్లబడేది 'లో' పెట్టినందువల్ల కాదు, ఆటోలో 24 పెట్టినా ఎండలో నించున్న బండిని మొదట అది ఫుల్ స్పీడులోనే చల్లబరుస్తుంది.

ఆటోమేటిక్‌లో నాకు నిజంగా విలువైందనిపించేది ఒక్కటే, ఆ ఫ్రంట్ డీఫాగ్ బటను. ఒక్క నొక్కుతో గాలి అద్దానికెళ్ళి, బ్లోవరు పెరిగి, చాలా బళ్ళలో ఏసీ ఆన్ అయ్యి, బయట గాలి తలుపు తెరుచుకుంటుంది. మాన్యువల్ బళ్ళలో కొన్నిటికి నాబ్ అద్దం బొమ్మ దగ్గరికి తిప్పగానే ఇవన్నీ అవుతాయి, కొన్నిటికి అవ్వవు, ఏసీ విడిగా నొక్కాలి. షోరూములోనే తిప్పి చూడండి, ఏసీ లైటు దానంతటదే వెలిగిందా లేదా అని, సేల్స్ కుర్రాడికి తెలియకపోవచ్చు, మీ కంటికి తెలుస్తుంది.

ఇక్కడో మాట గట్టిగా చెప్పాలి. ఈమధ్య కొన్ని బళ్ళలో ఏసీ కంట్రోలంతా స్క్రీన్‌లోకి తోసేశారు, డీఫాగ్ వెయ్యాలంటే స్క్రీన్ మీద ఒక మెనూ తెరిచి అందులో బొమ్మ వెతుక్కోవాలి. పిట్టగోడ లేని కాలవ గట్టు మీద, పక్కన నిండు కాలవ, ఎదురుగా మంచు, అద్దం మబ్బు, ఆ టైములో స్క్రీన్ కేసి చూడ్డమంటే ఎంత ప్రమాదమో మన జిల్లాల వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు, కాలవలో పడ్డ కార్ల వార్తలు చదువుతూనే ఉంటాం. డీఫాగ్‌కి విడిగా గట్టి బటను ఉన్న బండే తీసుకోండి, అది మాన్యువలైనా పర్లేదు, స్క్రీనున్న ఆటోమేటిక్ కన్నా నాకదే మేలు.

ఆటోమేటిక్‌కి ఇంకో ఖర్చుంది, వారంటీ అయ్యాక. లోపల తలుపుల్ని తిప్పే చిన్న మోటార్లలో ప్లాస్టిక్ పళ్ళుంటాయి, అవి అరిగితే బండి స్టార్ట్ చెయ్యగానే డ్యాష్‌బోర్డు వెనకాల టిక్ టిక్ టిక్ అని కొడుతుంది, ఒక వైపు వేడిగాలి, ఇంకో వైపు చల్లగాలి వస్తుంది. మోటారు చిన్నదే, చెయ్యి పట్టే చోటుంటే గంటలో పని, డ్యాష్‌బోర్డు విప్పాల్సిన చోటుంటే కూలీయే ఎక్కువ.

వెనకద్దం సంగతి మర్చిపోకండి. వెనకద్దం మీద సన్న గీతలుంటాయి చూశారా, అవి కరెంటు తీగలు, రియర్ డీఫాగరు, దానికీ హీటరుకీ సంబంధం లేదు. హ్యాచ్‌బ్యాక్ కొనేవాళ్ళకి, అందులోనూ కడియపులంకలో మొక్కలు కొని తడి కుండీలు వెనకేసుకుని ఇంటికెళ్ళే బాపతు అయితే, అలాయ్ వీల్స్ వదులుకోండి గానీ ఇది వదులుకోకండి. ఆ తడిమట్టి లోంచొచ్చే ఆవిరికి వెనకద్దం మొత్తం మూసుకుపోతుంది.

పెట్రోల్, డీజిల్, సీఎన్‌జీ, ఈవీ

పెట్రోల్ బండి స్టార్ట్ చేసిన వెంటనే హీటరు రాదు, కూలెంటు వేడెక్కాలి, అప్పటిదాకా నాబ్ ఎరుపులో పెట్టినా వచ్చేది మామూలు గాలే. ఊళ్ళోంచి స్టేషనుకెళ్ళి వచ్చేసే దూరానికి హీటరు వచ్చేలోపు ఊరొచ్చేస్తుంది, అంతసేపూ ఏసీ ఆరబెట్టే గాలితోనే అద్దం క్లియర్ చేసుకోవాలి, అది సరిపోతుంది కూడా. డీజిల్ ఇంజిను ఇంధనాన్ని ఇంకాస్త పొదుపుగా వాడుకుంటుంది కాబట్టి వృథా వేడి తక్కువ, వేడెక్కడం ఇంకా నిదానం, నిలబెట్టి ఐడిలింగులో ఉంచితే మరీను. పొద్దున్నే ఇంటి ముందు ఇంజిన్ ఆన్ చేసి కాఫీ తాగొచ్చేకంటే మెల్లగా నడుపుకుంటూ పోతేనే తొందరగా వేడెక్కుతుంది.

సీఎన్‌జీ వాళ్ళకో విషయం. సిలిండర్లో గట్టి ప్రెషర్లో ఉన్న గ్యాసు రెడ్యూసర్లో ఒక్కసారి ప్రెషర్ తగ్గేటప్పుడు బాగా చల్లబడిపోతుంది, గడ్డకట్టకుండా ఆ రెడ్యూసరుకి కూడా ఇంజిన్ కూలెంటే తిప్పుతారు. కంపెనీ ఫిట్టింగు అయితే ఇబ్బంది లేదు, బయట కిట్ వేయిస్తే మాత్రం చాలాచోట్ల హీటర్ హోసులనే కోసి మధ్యలో టీ ఆకారం జాయింటు పెట్టి కూలెంటు తీసుకుంటారు. క్లిప్పు సరిగ్గా బిగించకపోతే అక్కడ కారుతుంది, గాలి బుడగ చిక్కుకుంటే హీటరు రాదు, పైగా ఇంజిన్ వేడెక్కుతుంది. కిట్ వేయించిన వారంలో కూలెంటు లెవెలు ఒకటి రెండుసార్లు చూసుకోండి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు.

ఈవీలో ఇంజినే లేదు, పారబోసే వేడి పెద్దగా లేదు. అందుకని కరెంటుతో వేడి చెయ్యాలి, దానికి రెండు పద్ధతులు. ఒకటి పీటీసీ హీటరు, ఇది పింగాణీ లాంటి పదార్థంతో చేసిన బిళ్ళలు, వేడెక్కేకొద్దీ కరెంటుకి అడ్డం పెరుగుతుంది కాబట్టి దానంతటదే ఓ హద్దులో ఉంటుంది, కాలిపోదు. ఒక యూనిట్ కరెంటు పెడితే ఒక యూనిట్ వేడి. రెండోది హీట్ పంపు, అంటే ఏసీనే తిరగేసి నడపడం, బయట గాలిలో ఉన్న వేడిని లాక్కొచ్చి లోపల పెడుతుంది, ఓ మాదిరి చలిలో ఒక యూనిట్‌కి రెండు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. చలిదేశాల వాళ్ళు రేంజి పడిపోకుండా ఇది ఉన్న బండే కావాలంటారు, వాళ్ళకది న్యాయమే.

మరి మనకో? లెక్క చూడండి. సంక్రాంతి ముందు తెల్లారగట్ట మనకుండే చలికి కేబిన్‌ని కాస్త వెచ్చబరచి అద్దం ఆరబెట్టాలంటే, ఒక కిలోవాట్ అనుకుందాం, గంట వాడితే ఒక యూనిట్. 30 యూనిట్ల బ్యాటరీలో అది మూడు శాతం చిల్లర. అదీ ఏడాదిలో కొన్నాళ్ళు, అదీ గంట నిండా ఆన్‌లో ఉంటే. అమలాపురంలో ఉండి హీట్ పంపు కోసమని డబ్బులెక్కువ పెట్టడం అనవసరం, పీటీసీ ఉంటే చాలు, బండితోపాటే వస్తే వద్దనక్కర్లేదు. మన రేంజి తినేది ఎండాకాలం ఏసీ, దాని గురించి ఆలోచించుకోండి. పీటీసీలో ఒక సుఖం కూడా ఉంది, ఇంజిన్ వేడెక్కేదాకా ఆగే పని లేదు, కాసేపట్లోనే వేడిగాలి. మధురపూడి ఎయిర్‌పోర్టుకి పొద్దున్నే బయల్దేరేవాళ్ళకి అద్దం విషయంలో ఈవీయే అన్నిటికన్నా ముందుంటుంది.

సెకండ్‌హ్యాండ్ అయితే

ఏసీ చల్లగా వస్తుందా అని అందరూ చూస్తారు, హీటరు చూసేవాళ్ళు లేరు, అమ్మేవాడికి కావలసిందీ అదే. ఏసీ ఉందంటే హీటరున్నట్టే అనుకోకండి, పాత బళ్ళలో బేస్ వేరియంట్లు కొన్నిటికి అసలు ఉండదు, ఉన్నవాటిలో కొన్నిటికి బైపాస్ చేసేసి, అంటే కూలెంటు హీటర్ కోర్‌లోకి పోకుండా దారి మళ్ళించేసి ఉంటుంది. పావుగంట నడిపి, ఇంజిన్ వేడి చూపించే ముల్లు మధ్యకొచ్చాక, ఏసీ ఆఫ్ చేసి నాబ్ పూర్తిగా ఎరుపుకి తిప్పి బ్లోవరు రెండులో పెట్టండి. చెయ్యి పెడితే చురుక్కుమనాలి. గోరువెచ్చగా వస్తే బానెట్ తీసి, ఫ్యాను బెల్టులకి దూరంగా, ఇంజిన్ నుంచి డ్యాష్‌బోర్డు గోడలోకెళ్ళే రెండు హోసులూ జాగ్రత్తగా ముట్టి చూడండి. రెండూ వేడిగా ఉంటే లోపలి తలుపు దగ్గర తేడా. ఒకటి వేడి, ఒకటి చల్లగా ఉంటే కోర్ మూసుకుపోయింది. రెండూ చల్లగా ఉంటే కూలెంటు తక్కువో, గాలి చిక్కుకుందో, థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంటుని రేడియేటరుకి పోనివ్వని వాల్వు) తెరిచే ఉండిపోయిందో. అసలు ఆ గోడలోకి హోసులే వెళ్ళకుండా ఇంజిన్ దగ్గరే యు ఆకారంలో మళ్ళిపోయి ఉంటే బైపాస్ అన్నమాట, రేటు తగ్గించమని అడగండి.

థర్మోస్టాట్ గురించి ఒక ముక్క. "మన ఎండలకి ఇదెందుకండీ" అని దాన్ని పీకేసే మెకానిక్కులున్నారు. అది లేకపోతే ఇంజిన్ సరైన వేడికి తొందరగా రాదు, హీటరు సరిగ్గా రాదు, మైలేజీ కూడా తగ్గుతుంది. ముల్లు ఎంతసేపటికీ అడుగునే ఉంటే అనుమానించండి.

ముందు సీట్ల కింద కార్పెట్ ఎత్తి చెయ్యి పెట్టి చూడండి. తడిగా ఉండి వాసన లేకపోతే ఏసీ నీళ్ళ పైపు మూసుకుపోయి ఉంటుంది, అది చిన్న పని. జిడ్డుగా, తియ్యటి వాసనొస్తే హీటర్ కోర్ లీకు, అద్దం లోపలివైపు కూడా తుడిస్తే సాగే జిడ్డు పొర ఉంటుంది. ఎండిన ఒండ్రు కనపడితే మాత్రం అది వేరే కథ, 2022 జూలై వరద లాంటి వాటిలో మునిగిన బండయ్యుండొచ్చు, హీటరు గురించి ఆలోచించడం మానేసి అక్కణ్ణించి వచ్చెయ్యండి.

కోర్ కారితే మార్చాలా, బైపాస్ చెయ్యాలా

మెకానిక్ మొదట చెప్పేది బైపాసే, ఎందుకంటే కోర్ పెద్ద రేటు కాకపోయినా చాలా బళ్ళలో డ్యాష్‌బోర్డు మొత్తం దింపాలి, ఒకరోజు పని, మళ్ళీ బిగించాక ఎక్కడో ఒక క్లిప్పు కిర్రుమంటూనే ఉంటుంది. నా లెక్క ఇది: బండి పాతదైపోయి, పగటిపూట రావులపాలెం, కొత్తపేట మధ్య తిరిగేదే అయితే బైపాస్ తప్పేం కాదు, ఏసీ ఒక్కదానితో అద్దం నెట్టుకురావచ్చు. తెల్లారగట్ట చేపల లోడు వెనకో పాల లెక్కలకో తిరిగేవాళ్ళు, మారేడుమిల్లి, లంబసింగి, అరకు వెళ్ళొచ్చేవాళ్ళు మాత్రం మార్పించుకోండి. చలిలో ఉత్త ఏసీతో అద్దం ఆరబెట్టాలంటే లోపలున్నవాళ్ళు వణకాలి, చివరికి ఎవరో ఒకరు ఆపేస్తారు, అద్దం మళ్ళీ మొదటికొస్తుంది.

బైపాస్ చేస్తే రెండు హోసుల్నీ కలిపించండి, రెండు మూతుల్లోనూ బిరడాలు కొట్టించకండి. కొన్ని ఇంజిన్లలో థర్మోస్టాట్ మూసుకుని ఉన్నంతసేపూ కూలెంటు తిరిగేది ఆ దారినే, అది మూసేస్తే ఇంజినుకే చేటు. ఏసీ కాయిల్ లీకై ఎలాగూ డ్యాష్‌బోర్డు దింపుతుంటే హీటర్ కోర్ కూడా అప్పుడే చూపించుకోండి, రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి, కూలీ ఒకసారితో పోతుంది. ఇక రేడియేటర్లో లీకు మందు, పసుపు లాంటివి పొయ్యడం అనే మూడో మార్గం దారిలో ఆగిపోయినప్పుడు ఇంటికి చేరడానికి తప్ప వద్దు, ఆ మడ్డి మొదట మూసేది హీటర్ కోర్ సన్న గొట్టాల్నే.

కోర్ అసలు ఎందుకు చిల్లుపడుతుందంటే మన దగ్గర ముఖ్య కారణం నీళ్ళు. కూలెంటు తగ్గితే బోరు నీళ్ళు పోసేస్తారు. మలికిపురం, సఖినేటిపల్లి, అంతర్వేది వైపు బోరు నీళ్ళలో ఉప్పెంతో తాగేవాళ్ళకి తెలుసు, ఆ ఉప్పు అల్యూమినియం కోర్‌ని తినేస్తుంది. కలిపి అమ్మే కూలెంటు డబ్బా ఒకటి డిక్కీలో పెట్టుకోండి, అదీ లేకపోతే డిస్టిల్డ్ వాటరు, బ్యాటరీకి పోసేది. రంగు చూసి కొనకండి, ఆకుపచ్చ, ఎరుపు అన్నది కంపెనీ ఇష్టం, మాన్యువల్లో రాసిన రకం చూడండి. దాన్లో ఉండే గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, విషం, పారబోసిన చోట కుక్కలు నాకుతాయి, పిల్లలకి అందనివ్వకండి.

హీటరు బాగుంటే ఇంకో ఉపయోగం కూడా ఉంది. వేసవిలో గోదావరి బ్రిడ్జి మీద ట్రాఫిక్‌లో ముల్లు ఎరుపు వైపుకి ఎక్కుతుంటే, ఏసీ ఆపి, కిటికీలు దించి, హీటరు ఫుల్లు, బ్లోవరు ఫుల్లు పెట్టండి. లోపల నరకమే గానీ ఇంజిన్ వేడి కొంత అటునించి బయటికొచ్చి పక్కకి తీసి ఆపుకునేంత టైము దొరుకుతుంది. బైపాస్ బండికి ఈ అవకాశం లేదు.

హీటరేసుకుని పడుకోవడం మాత్రం వద్దు. పండక్కి పందేల బరి దగ్గర తోటలో బండాపి, అద్దాలెత్తి, ఇంజిన్ ఆన్‌లో ఉంచి నిద్రపోతారు కొందరు. సైలెన్సరు పొగ ఎక్కడో లీకై లోపలికొస్తే దాన్లో ఉండే కార్బన్ మోనాక్సైడుకి వాసనుండదు, నిద్రలోంచి లేవరు.

ఆన్‌లైన్లో సిగరెట్ లైటర్ సాకెట్టుకి పెట్టుకునే బుల్లి హీటర్లు అమ్ముతున్నారు, డీఫాగరు అని రాసి మరీ. ఆ సాకెట్టు ఇచ్చేది 12 వోల్టులు, ఫ్యూజు సాధారణంగా 15 యాంపులు, అంటే మహా అయితే 180 వాట్లు, బండి అసలు హీటరు ఇచ్చేది వేల వాట్లలో ఉంటుంది. అది కొనేకంటే గ్లోవ్ బాక్సు వెనకున్న కేబిన్ ఫిల్టరు తీసి చూడండి, కొబ్బరి పీచు ఫ్యాక్టరీల పక్కనా, ఊడ్పులూ కోతలూ అయ్యే రోడ్ల మీదా తిరిగే బళ్ళకి అది దుమ్ముతో దిండులా తయారై ఉంటుంది, బ్లోవరు నాలుగులో పెట్టినా గాలి రాదు. కొత్తది వేస్తే అద్దం మీద తేడా ఆ రోజే తెలుస్తుంది.